వేళ్ళు లేని చిన్నపేగు

శ్రీకాకుళంలో ఒక మెడికల్ కాలేజీలో మొదటి సంవత్సరం పిల్లలకి మైక్రోస్కోపు కింద శరీరాన్ని చూపించడం నా ఉద్యోగం. మందులు రాయను, సూదులు పొడవను. గులాబీ, ఊదా రంగులద్దిన గాజుపలకలే నా లోకం. వాటిలో నాకు అన్నిటికన్నా ముద్దొచ్చేది చిన్నపేగు. దాని లోపలి గోడ నిండా చేతివేళ్ళలా సన్నటి మొలకలు లేచి ఉంటాయి. మనం తిన్నదాన్ని అందుకుని ఒంటికి పట్టించేవి అవే. పెద్దపేగుకి ఆ వేళ్ళుండవు. మిగిలిన నీళ్ళు పీల్చుకోవడం, సరుకు జారడానికి జిగురు వదలడం దాని పని. అందుకే దాని గోడ చదునుగా ఉంటుంది. జిగురు కణాలు తెల్లటి బుడగల్లా వరుసకట్టి కనిపిస్తాయి. ఇంత తేడా ఉన్నా పరీక్షలో ఎవరో ఒకరు దీన్ని అదీ, దాన్ని ఇదీ అని రాస్తారు. నాకు ఒళ్ళు మండుతుంది. "వేళ్ళుంటే చిన్నది, లేకపోతే పెద్దది. ఇందులో బుర్ర బద్దలు కొట్టుకునేదేముంది?" అని ఏటేటా అరుస్తాను.

నేనుండేది కోటబొమ్మాళిలో, మా మేనమామ ఇంట్లో. రోజూ బస్సులో వెళ్ళొస్తాను. కాలేజీ దగ్గర గది తీసుకుంటానన్నందుకు అత్త నాతో మాట్లాడ్డం మానేసింది, దాంతో మళ్ళీ ఆ ఊసెత్తలేదు. మావకి వరిపొలం ఉంది. మనిషి మెత్తన, మాట తక్కువ. కంచంలో ఏది పెడితే అది తిని, "బావుందే" అని లేచి చెయ్యి కడుక్కుంటాడు. అత్త పులుసులో ఉప్పు వెయ్యడం మరిచిపోయినా అదే మాట.

"ఈ మనిషికి నాలికున్నాదా, నేదా?" అని అత్త నన్నడిగేది.

మావకి షుగరొచ్చింది. రాత్రిపూట అన్నం మాని చపాతీ తినమని సలహా ఇవ్వనివాళ్ళు ఊళ్ళో లేరు. అన్నమూ అంబలీ తప్ప ఎరగని వంటిల్లు మాది. చపాతీ అంటే ఎప్పుడైనా హోటల్లో తినేదే. అత్త పట్టుబట్టి నేర్చుకుంది. కొత్త పీట, కర్ర కొనుక్కొచ్చింది. మొదట్లో వచ్చిన ఆకారాలు చూసి అవి ఏ జిల్లా పటాలో నేను పేర్లు చెబుతుంటే, నాకు కర్ర చూపించేది. కొన్నాళ్ళకి గుండ్రంగా వచ్చాయి, పెనం మీద పొంగాయి. పొంగినదాన్ని మావ కంచంలో వేసేటప్పుడు ఆవిడ మొహం చూసి తీరాల్సిందే. మావ తిని "బావుందే" అనేవాడు.

ఏడాది తిరిగేసరికి మావ సగమయ్యాడు. చొక్కా ఒంటిమీద వేలాడేది. గట్టు మీద నాలుగడుగులు వేసి కూలబడిపోయేవాడు. షుగర్ అదుపులోనే ఉంది గానీ ఒంట్లో రక్తం లేదు. తిన్నది నిలవడం లేదన్న సంగతి కూడా ఆయన చెప్పలేదు, అత్తే కనిపెట్టింది. ఒకరోజు ఆవిడ నన్ను వంటింట్లోకి లాక్కెళ్ళి, గొంతు తగ్గించి అడిగింది.

"అదేనేటే? ఆ పెద్ద జబ్బేనా?"

"తెలీదత్తా" అన్నాను. నాకూ అదే భయం. మావ లేని ఆ ఇల్లు ఊహించుకోవడానికి నాకు ధైర్యం లేకపోయింది.

మా కాలేజీ ఆస్పత్రిలోనే నోట్లోంచి గొట్టం వేసి, పేగులోంచి చిన్న ముక్కలు తీశారు. పలక తయారయ్యాక పాథాలజీ ప్రొఫెసర్‌గారు కబురంపారు. వెళ్ళి మైక్రోస్కోపుకి కన్ను పెట్టాను. గోడ చదునుగా ఉంది. ఒక్క వేలు కూడా లేదు.

"సార్, ఇది పెద్దపేగు. పలక మారిపోయింది" అన్నాను గట్టిగా.

"గ్రంథుల అడుగు చూడమ్మా" అన్నారాయన.

చూశాను. అక్కడ ముదురు గులాబీ రేణువులు నింపుకున్న కణాలు బారులు తీరి ఉన్నాయి. చిన్నపేగులో క్రిముల్ని చంపే కణాలవి, పెద్దపేగులో కనిపించవు. ఇది చిన్నపేగే, మా మావదే. వేళ్ళన్నీ అరిగి నేలమట్టమయ్యాయి. వేళ్ళు లేని చిన్నపేగు ఉంటుందని పుస్తకంలో చదివినదాన్నే, అయినా కళ్ళెదుట పెడితే పోల్చుకోలేకపోయాను.

"క్యాన్సర్ కాదు. గోధుమ పడని జబ్బు. రక్తపరీక్ష కూడా అదే చెబుతోంది. గోధుమ పూర్తిగా మానేస్తే వేళ్ళు మళ్ళీ వస్తాయి" అన్నారు.

ఆయన ముందే ఏడ్చేశాను. బయటికొచ్చి వరండా బల్ల మీద కూర్చున్న మావకి చెప్పాను. ఆయన కండువా దులిపి భుజాన వేసుకున్నాడు.

"అది తింటే కడుపులో తిప్పుతాదని నాకు మొదట్నుంచీ తెలుసే."

"మరి చెప్పొద్దా మావా?"

"మీ అత్త అంత కట్టపడి నేర్సుకున్నాది. నానేటి సెప్తాను? పేగు లోన ఉంటాది, కనపడదు. మీ అత్త మొకం ఎదురుగుండా ఉంటాది కదే." లేవబోతున్న నన్ను ఆపి, "సపాతీ వల్లని మాత్రం దానికి సెప్పకు, గుంటా. ఇంకేదైనా సెప్పు" అన్నాడు.

చెప్పకుండా ఎలా కుదురుతుంది? బిస్కట్టు, ఉప్మా రవ్వ, ఏదీ తగలకూడదు. ఆ సాయంత్రమే చెప్పాను. అత్త అంతా విని, పీటనీ కర్రనీ కడిగి తుడిచి అటకెక్కించింది.

"నా సేత్తో నానే పెట్టేను" అంది.

ఆవిడ తప్పేమీ లేదని నేనెంత చెప్పినా తలూపిందే గానీ చెవికెక్కించుకోలేదు. రాగులతో కాచిన చోడి అంబలి, కొలిచి పెట్టిన అన్నం తిని మావ తేరుకున్నాడు. అత్త నవ్వు మాత్రం తిరిగి రాలేదు. ఏది వడ్డించినా "పడతాదా?" అని అడిగేది. మావ "బావుందే" అనేవాడు. ఆ మాట వినగానే ఆవిడ చెయ్యి గరిటె మీద ఆగిపోయేది. ఒకప్పుడు ఆవిడకి ముద్దుగా వినపడిన మాట ఇప్పుడు ఆవిడని భయపెడుతోంది.

మరుసటి ఏడు మళ్ళీ ముక్క తీశారు. ఈసారి అత్తని మా డిపార్టుమెంటుకి తీసుకెళ్ళి, స్టూలు మీద కూర్చోబెట్టాను. ముందు పాత పలక పెట్టాను.

"బోసిగా ఉన్నాదే" అంది.

తర్వాత కొత్తది పెట్టాను. చాలాసేపు కన్ను తియ్యలేదు. వేళ్ళింకా పొట్టిగానే ఉన్నాయి గానీ, గోడ పొడవునా లేచాయి.

"మొలిసాయే" అంది చివరికి. చెంగుతో కళ్ళొత్తుకుంది. అంతలోనే మొహం ఎర్రబడింది. "అంత బోసిపోయిందాకా నాతో బావుందన్నాడా?"

అత్త నాకన్నా ముందు బస్సెక్కింది. ఇంటికెళ్ళి అన్నం వార్చి, భావనపాడు రేవు నుంచి వచ్చిన చేపలు పులుసు పెట్టింది. మావ ముందు కంచం పెట్టి, ఎదురుగా చతికిలబడింది.

"సూడు బావా. నీ పేగు సూసొచ్చేను. ఇంక బావుందని నాతో అనకు. బాగోనేకపోతే సెప్పు."

మావ నావైపు చూశాడు. నేను చూరు వైపు చూశాను. ఒక ముద్ద కలిపి నోట్లో పెట్టుకుని, నమిలి, గుటక వేశాడు.

"ఉప్పు ఎక్కువైనాదే" అన్నాడు, బడిపిల్లాడిలా బెదురుతూ.

నేను పులుసు నాలిక మీద వేసుకు చూశాను. నిజంగానే ఎక్కువైంది.

"ఇంకేటి?" అంది అత్త.

"ఆనపకాయ కూర నాకు మొదట్నుంచీ పడదే. వారంవారం వండుతావు."

"ఇంకేటి?"

మావ మెల్లగా మొదలుపెట్టాడు. కందిపచ్చడిలో వెల్లుల్లి, సాంబారులో బెల్లం, పెళ్ళైన కొత్తలో వండిన పాయసం. అత్త చెంప కింద చెయ్యి పెట్టుకుని, పొగడ్తలు వింటున్నంత మురిపెంగా ఒక్కొక్కటీ విన్నది.