పిందెను చూపిన వేలు

బీరపాదు పిందె వేస్తే దాన్ని వేలు చాచి చూపించకూడదని, చూపిస్తే రాలిపోతుందని మా నాయనమ్మకు గట్టి నమ్మకం. చూపాలంటే వేలు మడిచి చూపాలి. రేపల్లెలో మా పెరటి పందిరి కింద, ఏమవుతుందో చూద్దామని ఓసారి వేలు చాచే చూపించాను. నాలుగో రోజుకి ఆ పిందె పసుపుబారి రాలింది. ఏడుపు లంకించుకున్నాను. ఆవిడ నా వేలు పట్టుకుని, "నీ వేలేం చేసిందిరా, దానికి ఎండ తగిలింది," అంది.

తర్వాత నేను వృక్షశాస్త్రం చదివి, ముప్పైయేళ్ళు పాఠం చెప్పాను. పుప్పొడి అందని పిందె ఎవరు చూపినా చూపకపోయినా రాలుతుంది.

ఇప్పుడు తెనాలిలో మా అపార్ట్‌మెంటు డాబా మీద తొట్టిలో బీరపాదు పెట్టాను. మొన్న బట్టలారేయడానికొచ్చిన పక్కింటావిడ తొలి పిందెను వేలితో చూపిస్తూ, "ఎంత ముద్దుగా ఉందో అన్నయ్యగారూ!" అని, వెంటనే నాలిక్కరుచుకుంది. నాకు ఒళ్ళు మండింది. నాలుగు రోజులకి అదీ రాలింది.

"నేను వేలు చూపించడం వల్లేనంటారా అండి?" అంది బిక్కమొహం వేసుకుని.

కాదని ఒక్క మాట అంటే సరిపోయేది. అంత నమ్మకమున్న నాయనమ్మ ఆ మాట అనగలిగింది. ముప్పైయేళ్ళు పాఠం చెప్పిన నాకు నోరు రాలేదు.