పైడమ్మ దగ్గర పాడింది నేను కాదు

దెయ్యాల కథలు చెప్పేవాళ్ళను చూస్తే నాకు నవ్వొచ్చేది. బర్మాలో, యాంగోన్ నగరంలోని మా మింగళ తౌంగ్‌న్యున్ వీధిలో సగం ఇళ్ళలో ఆత్మల కోసం ఎర్రగుడ్డ చుట్టిన కొబ్బరికాయ వేలాడుతుంది. మేం క్రైస్తవులం, పైగా నేను నర్సింగ్ చదువుతున్నాను. ఆ కాయల కింద నుంచి ఏ ఆలోచనా లేకుండా నడిచిపోతాను. ఇప్పుడు రాసేది దెయ్యం గురించేనా అంటే చెప్పలేను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

నిరుడు ఎండాకాలం సెలవుల్లో మా తెలుగు సంఘం విద్యార్థులం ఏడుగురం సువార్త పనికి ఒక మారుమూల పల్లెకు వెళ్ళాం. ట్వంటే ఊరి దాకా బస్సు, అక్కణ్ణుంచి కాలువ మీద రెండు గంటలు పడవ. మమ్మల్ని తీసుకెళ్ళింది మా సండే స్కూలు టీచరు. ఇక్కడ టీచరమ్మను సయామా అంటారు, మేమూ అలాగే పిలుస్తాం.

ఆ పల్లెలో ఎప్పుడో వరి పనికి వచ్చి ఉండిపోయిన తెలుగు కుటుంబాలు నాలుగైదున్నాయి. పిల్లలందరూ బర్మా భాషే మాట్లాడతారు, పగోడాకు వెళతారు. తెలుగు మిగిలింది పైడమ్మ ఒక్కదానికే. ఎనభై దాటిన మనిషి, చూపు లేదు. తెలుగులో పాట వినాలని ఉందని మాకు కబురు పెట్టింది.

సయామా సలోమిని పాడమంది.

సలోమి నా చిన్ననాటి స్నేహితురాలు. దాని గొంతు బాగుంటుంది, కాదనను. కానీ దానికి తెలుగు చదవడం రాదు. పాటలు బర్మా అక్షరాల్లో రాసుకుని పాడుతుంది. నాకు మా నాయనమ్మ ఒళ్ళో కూర్చోబెట్టుకుని తెలుగు నేర్పింది. పైడమ్మతో నాలుగు మాటలు సరిగ్గా మాట్లాడగలిగేది మా ఏడుగురిలో నేనొక్కదాన్నే. అయినా నా పేరు ఎవరి నోటా రాలేదు. క్రిస్మస్‌కు ఒంటరిగా పాడేది అదే, పడవలో నీడపట్టున చోటు దొరికేది దానికే. ఆ రోజు అన్నం ముందు అందరూ కళ్ళు మూసుకుని ప్రార్థిస్తుంటే, నేను దాని గొంతు పోవాలని కోరుకున్నాను. రాయడానికి సిగ్గుగానే ఉంది.

తలనొప్పి అని చెప్పి బసలో ఉండిపోయాను. మాకు చోటిచ్చిన డో మ్యా అనే ఆవిడ చింతపండులో గింజలు తీస్తుంటే నేనూ పక్కన కూర్చుని తీశాను. ఒంటిగంట నుంచి నాలుగు దాకా గడప దాటలేదు, కునుకు కూడా తీయలేదు. తర్వాత డో మ్యాను మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ ఇదే చెప్పింది.

నాలుగింటికి అందరూ తిరిగొచ్చారు. సలోమి నేరుగా వచ్చి నన్ను వాటేసుకుంది. దాని కళ్ళు ఇంకా తడిగానే ఉన్నాయి.

"నువ్వు రావేమో అనుకున్నాను రూతూ. అంత బాగా పాడతావని ఇన్నాళ్ళూ సెప్పనేదేటి?" అంది.

వెటకారం అనుకున్నాను. కాదు. సలోమి రెండు పాటలు పాడాక నేను వచ్చి, పైడమ్మ పక్కన చాప మీద కూర్చుని, ఆవిడ చేయి పట్టుకున్నానట. ఊడుపుల పాట ఒకటి పాడానట. పైడమ్మ ఏడ్చిందట. నేను ఎవరితోనూ మాట్లాడకుండా అందరికన్నా ముందు లేచి వెళ్ళిపోయానట. సయామాతో కలిపి ఏడుగురూ ఇదే మాట.

సయామా ఫోన్లో ఆ పాట రికార్డు చేసింది. బొమ్మ లేదు, గొంతు మాత్రమే. విన్నాను. పాఠాలు చదివి రికార్డు చేసుకుని వినడం నాకు అలవాటు, కాబట్టి నా గొంతు నాకు తెలుసు. అది నా గొంతే. పాట మాత్రం నేను ఎన్నడూ విననిది.

భయం తర్వాతెప్పుడో వేసింది. ముందు కలిగింది కుళ్ళు. సలోమి మీద కాదు, ఆ పాడినదాని మీద. నా ముఖం పెట్టుకుని, నేను వెళ్ళాల్సిన చోటికి వెళ్ళి, నాకు దక్కాల్సిన కన్నీళ్ళు అది తీసుకుపోయింది. సాయంత్రం భోజనాల దగ్గర అందరూ మెచ్చుకుంటుంటే, పాడింది నేను కాదని చెప్పాను. వినయం అనుకున్నారు.

మర్నాడు పడవెక్కే ముందు పైడమ్మ దగ్గరకు వెళ్ళాను. నా చేయి అందుకుని వేళ్ళు ఒక్కొక్కటే తడిమింది.

"నువ్వు వేరే," అంది. "నిన్నొచ్చిన గుంట ఏదమ్మా? రానేదేటి?"

పడవకు వేళైందని చెప్పి లేచాను.

యాంగోన్ వచ్చాక ఆ రికార్డు అడిగి తీసుకుని పాటంతా నేర్చుకున్నాను. మా వీధిలో పెద్దవాళ్ళకు వినిపిస్తే ఎవరికీ తెలియదన్నారు. బస్సులో, స్నానాల గదిలో అదే పాట. దేవుడి కోసం కాదు. పైడమ్మ నన్ను గుర్తుపెట్టుకోవాలి, ఆ పాడినదాన్ని కాదు.

వానలు తగ్గాక సలోమిని తోడు తీసుకుని మళ్ళీ వెళ్ళాను. పడవలో దానికి అంతా చెప్పేశాను, గొంతు పోవాలని కోరుకున్న సంగతి కూడా. అది విని, నా తెలుగంటే తనకూ ఎప్పటినుంచో కుళ్ళే అని చెప్పింది.

పైడమ్మ బాగా చిక్కిపోయింది. పక్కన కూర్చుని, చేయి పట్టుకుని, ఒక్క మాట తప్పకుండా పాడాను. తల వంచుకుని విన్నది. అయిపోయాక నా తల నిమిరింది.

"బాగానే నేర్సుకున్నావమ్మా," అంది. "ఆ గుంటే నేర్పినాదేటి నీకు?"

అది ఎవరో, ఏమిటో నాకు అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు. అవునన్నాను. అబద్ధం చెప్పానని మాత్రం అనిపించలేదు.