కడప నుంచి వచ్చిన ‘అయింది’

ఈ పొద్దున ఫోను తనంతట తానే ఏవో అప్‌డేట్లు వేసుకుని, ఏమీ ఎరగనట్టు మళ్లీ వెలిగింది. ఎవరినీ అడగలేదు. మా రోజుల్లో అలా ఉండేది కాదు.

నలభై దగ్గరపడ్డాక అక్షరాలు దిద్దినదాన్ని నేను. కర్నూలులో మా తమ్ముడి కంప్యూటర్ సెంటరులో టైపింగు నేర్చుకుని, రెండువేల సంవత్సరం తర్వాతి ఏళ్లలో, అందరికీ ఉచితంగా అందే సాఫ్ట్‌వేరులో తెలుగు పదాలుండే భాగాన్ని, అంటే ఒక ప్యాకేజీని, జీతం లేకుండా చూసుకునేదాన్ని. నాలాంటివాళ్లు ఊరికొకరుండేవారు, ముఖాలు తెలియవు, మెయిళ్లే పరిచయం. తెరమీద ఒత్తులూ గుణింతాలూ అతికించే లైబ్రరీ అనే ఉమ్మడి ప్రోగ్రాము మారినప్పుడల్లా ఎవరి ప్యాకేజీని వాళ్లు సరిచూసుకుని ‘అయింది’ అని రాయాలి. ఆ మాట అందరి నుంచీ వచ్చాకే కొత్తది జనంలోకి వదలాలి. అక్షరాల రూపురేఖలు, అంటే ఫాంటు, చూసే కడపాయన జవాబు అడిగీ అడగకముందే వచ్చేది.

ఒకసారి అలాగే వదిలాం. మర్నాడు మా చిన్నమ్మ ఫోను చేసింది. ఆమె ఆలూరు వయోజన విద్యా కేంద్రంలో కంప్యూటరు మీద చదువు నేర్చుకుంటోంది.

“నిన్న కుదురుగా ఉండిన అచ్చరాలు ఈ పొద్దు తల ఒగచోట, ఒత్తు ఒగచోట పడిండాయి. నాకే ఏమో అయిండాది. ఈ వయసులో నాకు యాడి సదువు మే, రేపట్నుంచి పోను పో.”

వెతికితే, కొత్త లైబ్రరీతో పొసగక చెడింది ఫాంటేనని తెలిసింది. కడపాయనకు రాస్తే మళ్లీ అదే మాట: అయింది. ఎంత వివరంగా రాసినా అదే. జవాబిస్తున్నంతకాలం ఆ మనిషి ప్యాకేజీని ఇంకొకరు ముట్టకూడదన్నది మా కట్టుబాటు, అందుకే ఫాంటు వివరాల కింద ఉన్న చిరునామా పట్టుకుని కడప బస్సెక్కాను.

తలుపు తీసిన ఆయన భార్య, వచ్చిన పని చెప్పగానే గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. “ఆయన పోయి శానా నెలలాయ కదక్కా. నీకు జవాబు యాడనుంచి వచ్చె?”

లోపలి గదిలో కంప్యూటరు నడుస్తూనే ఉంది. జబ్బుపడ్డాక, తనవల్ల ఎవరి పనీ ఆగకూడదని, ప్యాకేజీని కొత్త లైబ్రరీతో కలిపి కట్టి జవాబు పంపే పనిని ఆయన ఆ యంత్రానికే అప్పగించాడట. దానికి కట్టడం వచ్చుగానీ, అక్షరం ఎలా కనబడుతోందో చూడటం రాదు. మేం నిలబడి ఉండగానే ఎవరో ఏదో అడిగారు. ఖాళీ కుర్చీ ఎదుట, ఆయన పేరుతో, ‘అయింది’ అని తెరమీద పడింది. నేను ఒకడుగు వెనక్కి వేశాను.

ఆమె మాత్రం చెంగుతో తెర తుడిచింది. “తెల్లారుతూనే గుర్రుమంటాదక్కా. ఆయన లేసినాడనుకుంటా.”

దాన్ని ఆర్పితేగాని ఫాంటు మా చేతికి రాదు, చిన్నమ్మ అక్షరాలు అతకవు. ఆ సంగతి ఆమెకు ఎలా చెప్పానో గుర్తులేదు. “నువ్వే ఆర్పక్కా, నాకు చెయ్యి రాదు” అని మొహం తిప్పుకుంది. ఆర్పాను. అంతవరకూ ఆ ఇంట్లో ఎంత చప్పుడుందో అప్పుడు తెలిసింది.

చిన్నమ్మ మళ్లీ చదువుకు పోయింది. ఆ ఫాంటును నేనే తీసుకుని, చూపు మందగించాక వదిలేశాను. ఇప్పుడు ‘అయిందా’, ‘అయింది’ అనే ఆ పలకరింపులన్నీ యంత్రాలే చూసుకుంటున్నాయట, తప్పులూ తక్కువేనట. కానీ ఫాంటు కింద నా పేరు ఇంకా ఉందని తమ్ముడు చెప్పాడు. నా పేరుతో ఎక్కడ ఏ యంత్రం ఏమని జవాబు చెబుతోందో నాకు తెలియదు. నేనున్నానో లేనో చూసిపోదామని ఈ గుమ్మందాకా వచ్చేవాళ్లు మాత్రం ఇప్పుడెవరూ లేరు.