గోవర్ధన్ సేటు చేతికి బీపీ మిషన్

మా గోవర్ధన్ సేటు ఒంటిమీద ఏ వస్తువూ గంటసేపు నిలవదు. మిర్యాలగూడలో తన రైస్ మిల్లుకు పోయేటప్పుడు కాళ్లకు చెప్పులుంటాయి, వచ్చేటప్పుడు ఉండవు. వాచీ, మఫ్లరు, కళ్లజోడు, అన్నీ అంతే. ఏవంటే "గాడనే యాడనో ఉంటయి" అంటాడు. అనేలోపే ఇంకో గదిలో ఉంటాడు. ఆయన కూర్చోగా నేను చూసింది పెళ్లి ఫొటోలోనే. అందులోనూ మొహం చెదిరింది.

సూర్యాపేటలో డాక్టర్ దీప గారు చూస్తే బీపీ నూట అరవై ఎనిమిది. అది నిజంగా ఉన్నదో, దవాఖానను చూసి పెరిగిందో తేలాలంటే ఒక రోజంతా మిషన్ కట్టుకుని తిరగాలన్నారు. అరగంటకోసారి చేతి పట్టీ దానంతటదే బిగుస్తుందట, అప్పుడు చెయ్యి కదపకూడదట. ఆవిడ కోదాడ మనిషి, ఎంతో మర్యాదగా చెప్పారు. సేటు అప్పటికే తలుపు దగ్గరున్నాడు.

బీపీ అని తేలిందా, రోజూ గోలీ, మామిడికాయ తొక్కు బంద్, మిల్లు బంద్ అని సేటు భార్య పుష్పలత వదిన పంతం పట్టింది. మిల్లు లేకపోతే ఈయన ఇంట్లోనే తిరుగుతాడని తోచి, కొంచెం మెత్తబడింది కూడా.

మర్నాడు మిల్లులో పట్టీ బిగిసినప్పుడల్లా సేటు రాయిలా నిలబడిపోయేవాడు. సేటు నిలబడ్డాడంటే ఏదో అనర్థమని హమాలీలూ బస్తాలు దించి నిలబడేవారు. వడ్ల ట్రాక్టర్లు నిడమనూరు దాకా ఆగాయి. మధ్యాహ్నం నేను పోయేసరికి ఆయన చేతికి పట్టీ లేదు. అడిగితే పాత జవాబే. సాయంత్రానికి మళ్లీ ఉంది.

చార్టు చూసి డాక్టరమ్మ కుర్చీలోంచి లేచారు. అన్నివేళలా నూట ఇరవై, నూట ముప్పై. రెండు నుంచి నాలుగు దాకా మాత్రం రెండువందల దగ్గర.

"ఆ టైములో ఏం చేశారండీ?"

సేటు తలుపు వైపు చూశాడు.

"అది నాది కాదమ్మా. మా హమాలీ ఎర్రయ్యది. బస్తా ఎత్తితే కండ్లు తిరుగుతున్నయంటడు, దవాఖానకంటే రాడు. నాకు దురద పెడుతుంది, జరసేపు నువ్వు కట్టుకోమని కూసుండబెట్టిన."

మిల్లు వాచ్‌మన్ మెడలో మఫ్లరు ఎవరిదో నాకప్పుడు వెలిగింది.

ఒకరి మిషన్ ఇంకొకరికి కడతారా అని డాక్టరమ్మ చీవాట్లు పెట్టారు. మిగతా లెక్క చాలు, మీకు బీపీ లేదు, ఆసుపత్రి భయమే అన్నారు. ఆ మనిషిని ఈ రోజే తీసుకురమ్మన్నారు.

"బయటనే ఉన్నడమ్మా."

ఎర్రయ్య వచ్చి సేటు పక్కన కూర్చున్నాడు. "నాకేం లేదమ్మా. సేటుకు సూదంటే భయమంట, ఒక్కన్నే పోలేనన్నడు. తోడొచ్చిన."

డాక్టరమ్మ అతని ఎడమ చేతికి పట్టీ చుట్టసాగారు. ఎర్రయ్య కుడి చేత్తో సేటు భుజం తట్టాడు.

"పరేషాన్ గాకు సేటూ. ఏం గాదు, నేనున్న."