అద్దాల తొట్టిలో మంజీర ఇసుక

చేపలంటే నాకు కూరలోనే ఇష్టం. వాటిని అద్దాల తొట్టిలో పెట్టి చూస్తూ కూర్చునే ఓపిక నాకెప్పుడూ లేదు. అయినా మా ఆయన తెచ్చాడు. నేను రెండోసారి నెల తప్పాక డాక్టరమ్మ బరువు పనులు వద్దంది, ఇల్లు కదలొద్దంది. పొద్దంతా గోడలు చూసి నాకు పిచ్చెక్కుతోందని ఆయనకు అర్థమైనట్టుంది. ఆయన నిజామాబాద్, బోధన్ల మధ్య ఆటో నడుపుతాడు. ఒకరోజు సీటు కింద సంచిలో మంజీర ఇసుక వేసుకొచ్చి, కడిగి నా గదిలో పెట్టిన తొట్టిలో పరిచి, పైన గులకరాళ్లు పోసి, నారింజరంగు చేపల్ని వదిలాడు.

మొదటి కడుపు ఐదో నెలలో పోయింది. అప్పటి నుంచి మా ఇంట్లో ఐదో నెల అనే మాట ఎవరి నోటా వచ్చేది కాదు. అది దాటితే చాలని మాత్రం ముగ్గురం లోలోపల మొక్కుకుంటూనే ఉన్నాం.

అత్తమ్మ బీడీలు చుడుతుంది. తంబాకు పొడి నాకు మంచిది కాదని డాక్టరమ్మ చెప్పిన రోజే చేట, తునికాకు, దారం అన్నీ వెనక గదిలోకి మార్చేసింది. నా గదిలోకి వచ్చేముందు సబ్బుతో చేతులు కడుక్కుని చీర కూడా మార్చుకునేది. కన్నతల్లి కూడా ఇంత చేయదని వాడకట్టు ఆడవాళ్లు అనేవారు. అందులో అబద్ధం లేదు.

ఇసుక కడిగే పని నాకు అప్పగించారు. స్టూలు మీద కూర్చుని పైపు కొసను గులకరాళ్ల మధ్య ఇసుకలోకి దించితే, లోపల ఇసుక సుడి తిరుగుతూ లేచేది. మురికి పైపులోంచి కింద బకెట్లోకి పోయేది, బరువున్న ఇసుక మళ్లీ తన చోట కూర్చునేది. బకెట్లు మా ఆయన మోసేవాడు. ఒప్పుకోవడం ఇష్టం లేదు గానీ, ఆ పని నాకు బాగుండేది.

మొదటి చేప, నేను ఆసుపత్రికి వెళ్లే రోజు పొద్దున చచ్చిపోయింది. ఇసుక మీద పక్కకు ఒరిగి, కన్ను తెరుచుకునే ఉంది. నేను ఏడ్చాను. అత్తమ్మ దాన్ని తునికాకులో తీసుకుని నా నెత్తి నిమిరింది.

"పోనీ బిడ్డ. నీ మీదికొచ్చిన గండం గా చేప మీదేసుకొని పోయింది. మంచిగైంది."

ఆ రోజు స్కానింగులో అంతా బాగుందన్నారు. తర్వాతి నెల ఆసుపత్రికి వెళ్లే ముందు ఇంకొకటి పోయింది. ఆ తర్వాతా అంతే. మా ఆయన నీళ్లు మార్చాడు, మేత మార్చాడు. నాకేమో ఆసుపత్రి రోజు దగ్గర పడుతుంటే తొట్టి వైపు చూడబుద్ధయ్యేది కాదు, చూడకుండా ఉండబుద్ధీ అయ్యేది కాదు. ఒక్కోసారి అత్తమ్మ తొట్టి ముందు నిలబడి పెదవులు కదుపుతూ కనిపించేది. నేను లేచానని తెలిస్తే ఏమీ ఎరగనట్టు చాయ్ తాగుతావా అని అడిగేది.

ఐదో నెల వచ్చింది. తెల్లారితే ఆసుపత్రికి వెళ్లాలి. తొట్టిలో ఒక్క చేప మిగిలింది. అది ఇసుక వైపు దిగడమే మానేసింది. మేత కిందికి జారినా వెంట పోకుండా, పైన నీటి అంచున మూతి పెట్టి అక్కడే ఉండిపోయింది. దాని భయం చూస్తే నాకు భయమేసింది. దీన్నైనా బతికించుకుందామని, ఎప్పుడూ ముట్టని వెనక మూలనున్న పెద్ద రాయి జరిపి పైపు దించాను.

బకెట్లోకి వచ్చిన నీళ్లు పాలు పోయని చాయ్ లా ఉన్నాయి. వాసన ముక్కుకు తగిలింది. నెలల తరబడి ఆ గదిలోకి రాని తంబాకు వాసన. పైపు పక్కన పెట్టి ఇసుకలో వేళ్లు దించాను. మెత్తగా ఏదో తగిలింది. బయటికి తీస్తే నానిపోయిన బీడీ. ఆకు నల్లబడింది, దారం ముడి మాత్రం విడలేదు. దాని పక్కన ఇంకొకటి, ఇంకొకటి. అన్నిటికంటే పైన ఉన్నది కొత్తది. ఇంకా గట్టిగా ఉంది.

అత్తమ్మ ఎప్పుడొచ్చిందో, గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"ఇవి నువ్వేనా పెట్టింది అత్తమ్మా?" అన్నాను.

"నేనే."

"చేపలు సస్తయని తెల్వదా?"

"తెల్సు. సావాలనే పెట్టిన."

ఆమె గొంతులో తడబాటు లేదు. చేతిలోని బీడీలు బకెట్ పక్కన పెట్టి అడిగాను.

"వాటంతటవి పోతె ఏమో గని, మనమే సంపితె ఎట్ల?"

"వాటంతటవి ఎప్పుడు పోవాలె? పాపముంటె నాకే తగుల్తది, తగలనీ." కొంగుతో నా చేతుల తడి తుడిచి, అంతే నెమ్మదిగా అంది. "పోయినపారి ఇంట్ల చేపలు లేకుండె బిడ్డ."

నాకు కోపం వచ్చింది. కానీ తెల్లారితే ఏమవుతుందోనన్న భయం ఆ కోపం కంటే పెద్దదైంది. ఆమె పొయ్యి మీద అన్నం చూసుకోవడానికి వెళ్లిపోయింది. నానిపోయిన బీడీల్ని చెత్తలో వేశాను. గట్టిగా ఉన్నదాన్ని కూడా వేయబోయి ఆగాను. దాన్ని ఆ మూలనే ఇసుకలో గుచ్చి, రాయి మళ్లీ పైకి జరిపాను.

సాయంత్రం మా ఆయన వచ్చి తొట్టి ముందు కూర్చున్నాడు.

"ఒక్కటే మిగిలె. ఇవి మనకు అచ్చొస్తలెవ్వు. తొట్టి తీసి ఎవలకన్న ఇచ్చేస్త," అన్నాడు.

"వద్దు," అన్నాను. "ఇంక కొన్ని తే."

ఆయన ముఖం వెలిగిపోయింది. ఇన్నాళ్లకు నాకు వాటి మీద ప్రేమ పుట్టిందనుకున్నాడు.

"ఎన్ని తేవాలె?"

"ఇంక నాలుగు నెలలున్నయి," అన్నాను. "ఎక్కువనే తే."