డ్రైవరమ్మ విప్పిన ఫిల్టరు

ఆవిడ అసలు పేరు రేషన్ కార్డులో ఉండాలి, అంతే. వీధి మొత్తానికీ ఆవిడ డ్రైవరమ్మ. అద్దాల షాపు నుంచి కొత్తగా కడుతున్న ఇళ్లకు గాజు పలకలు మోసే పికప్ బండి ఆవిడది. ఇరవై రెండేళ్లుగా ఎన్ని గతుకులు దాటినా, నెత్తిన నిండు బిందె పెట్టుకున్నట్టే బండి నడిపింది. ఒక్క పలకకు కూడా బీట పడనివ్వలేదు. భర్త దర్జీ. ముందు గదిలో కుట్టు మిషన్ వెనకాల కూర్చుని, అడిగినదానికి అడిగినంతే జవాబు చెప్పే మనిషి. ఆ ఇంట్లో కత్తెర పట్టేది ఆయన, కత్తిరించేది ఆవిడ అని వీధిలో నవ్వుకునేవాళ్లు.

ఆరు నెలల కిందట సిగ్నల్ దగ్గర ఎర్రలైటు పచ్చగా మారినా పికప్ కదల్లేదు. వెనకవాళ్లు హారన్లు మోగించారు. పక్క సీట్లో ఉన్న తమ్ముడు చూసేసరికి అక్క స్టీరింగ్ మీదికి ఒరిగిపోయి ఉంది. ఆసుపత్రి నుంచి వచ్చాక కాలు కుదురుకుంది. గేరు మార్చే ఎడమ చెయ్యి మాత్రం సగం చచ్చుబడిపోయింది. నోటికి ఏమీ కాలేదు.

అప్పటినుంచి బండి తమ్ముడే నడుపుతున్నాడు. అతను గోడలకు రంగులు వేసేవాడు. బండి నడపడం వచ్చు గానీ, దాని మీద ప్రేమ లేదు. ఆ శనివారం మధ్యాహ్నం దించని సరుకుతోనే బండిని ఇంటికి తెచ్చి, గేటు ముందు ఆపాడు.

"వంతెన ఎక్కుతుంటే మధ్యలో ఆగిపోయిందక్కా. జనం తోస్తే గానీ పక్కకి రాలేదు. మెకానిక్కుని అడిగితే పంపు పోయింది, ఇంజను విప్పాలన్నాడు. ఎందుకొచ్చిన గొడవ? ఒకాయన కొంటానంటున్నాడు, రేపు పదకొండింటికి వస్తాడు. వదిలించుకుందాం."

డ్రైవరమ్మ కుర్చీలోంచి లేవలేదు. "ఒట్టి బండి బానే నడుస్తోందా?"

"నడుస్తోంది."

"ఆగినచోట ఇంజను ఆడుతోందా?"

"ఆడుతోంది. బరువేసి ఎత్తు ఎక్కిస్తేనే దగ్గుతోంది."

"మరి పంపు ఎక్కడ పోయిందిరా? డీజిల్ ఫిల్టరు పూడుకుపోయుంటుంది. ఈ ఆరు నెలల్లో దాని అడుగున చేరే నీళ్లు ఒక్కసారైనా తీశావా?"

తమ్ముడు బావ వైపు చూశాడు. బావ సూదిలో దారం ఎక్కించడంలో మునిగిపోయాడు.

"కుర్చీలో కూర్చుని ఇంజనుకి వైద్యం చేస్తున్నావా అక్కా? ఇంక చాల్లే. రెస్టు తీసుకో."

"రెస్టు తీసుకోడానికి నేనేం పాత కుర్చీనా, మూలన పడేయడానికి! అయినా కొనేవాణ్ణి పిలవడానికి నువ్వెవరు? బండి నాది."

అతను విసురుగా వెళ్లిపోయాడు. ఆవిడ ఫిల్టరు నంబరు ఒక చీటీ మీద రాసి భర్త చేతిలో పెట్టింది. స్పేర్ పార్టుల షాపతను ఏ మెకానిక్కుకి అని అడిగితే, దర్జీ "మా ఆవిడకి" అన్నాడట. షాపతను నవ్వాడట. దర్జీ మాత్రం నవ్వకుండా నిలబడ్డాడట. ఆయన జీవితంలో చేసిన పెద్ద తిరుగుబాటు అదే.

ఆదివారం పొద్దున తొమ్మిదింటికి బానెట్ లేచింది. బ్యాటరీ వైరు విప్పడం, ఆరేసిన బట్టలు లోపలికి తీయడం భర్తకు అప్పజెప్పింది. స్టవ్ ఆపించింది. కోసిన ప్లాస్టిక్ సీసా ఫిల్టరు కింద పెట్టి, అడుగున ఉన్న బిరడా వదులు చేసింది. సీసాలో అడుగున నీళ్లు, పైన డీజిల్, మధ్యలో మడ్డి తేలాయి.

"చూశారా? ఇదీ మీ బావమరిది నిర్వాకం."

"నా బావమరిది కంటే ముందు నీ తమ్ముడు కదే," అన్నాడాయన మెల్లగా.

అసలు తంటా తర్వాత మొదలైంది. పాత ఫిల్టరు తిరగనంది. కుడి చేత్తో పట్టి తిప్పితే జారిపోయింది. గరుకు కాగితం చుట్టి తిప్పింది. ఊహూఁ. భర్త నడుము వైపు చూసింది.

"బెల్టు ఇవ్వండి."

"ప్యాంటు?"

"పట్టుకోండి. అంత పనైనా మీ చేతులకి ఉంటుంది."

తోలు బెల్టును ఫిల్టరుకు రెండు చుట్లు బిగించి, కొసను ఇనుప కడ్డీకి చుట్టి, బరువంతా వేసి లాగింది. రెండోసారి కిర్రుమని కదిలింది. విప్పి తీసేసరికి అందులోంచి కారింది డీజిల్‌లా లేదు, మాడిన కషాయంలా ఉంది. కొత్త ఫిల్టరు రబ్బరు రింగుకు వేలితో డీజిల్ రాసి, పాతదాని అడుగున ఉన్న నీళ్ల సెన్సరు దీనికి మార్చి, రింగు ఆనేదాకా తిప్పి, ఆపైన ముప్పావు చుట్టు బిగించింది.

ఇక లోపలి గాలి పోవాలి. ఫిల్టరు నెత్తిన ఉన్న చిన్న చేతి పంపు ఒక చేత్తో నొక్కుతూ, గాలి పోయే స్క్రూను ఇంకో చేత్తో వదులు చేసి, సమయానికి బిగించాలి. స్క్రూకు వేళ్ల పట్టు కావాలి, అది కుడి చేతి పని. పంపు ఎడమ చేతికి మిగిలింది.

"నేను నొక్కుతానే," అన్నాడు భర్త, ఒక చేత్తో ప్యాంటు పట్టుకుని.

"జరగండి."

వేళ్లు వంగలేదు. అరచేతి మడమ ఆనించి, మోచేతి నుంచి తోసింది. ఒకటి. రెండు. పది దాటేసరికి భుజం వణికింది. ఇరవైకి చెయ్యి జారి బ్రాకెట్‌కు తగిలి తోలు లేచింది. "ఛీ, దొంగ చెయ్యీ! ఆరు నెలలు కూర్చుని తిన్నది చాల్లేదా?" అని దాన్ని తిట్టి, మళ్లీ ఎత్తి పంపు మీద పెట్టింది. ఆయన సాయానికి ముందుకు రాలేదు. తల తిప్పుకోనూ లేదు.

సరిగ్గా అప్పుడే తమ్ముడు, కొనేవాడు గేటు తీసుకుని వచ్చారు.

"అక్కా! పిచ్చా నీకు?"

"ముప్పై ఒకటి," అంది ఆవిడ. "లెక్క తప్పించకు."

నలభై దాటాక స్క్రూ దగ్గర బుడగలు ఆగి, డీజిల్ తేటగా వచ్చింది. బిగించింది. పంపు గట్టిపడేదాకా ఇంకో ఏడెనిమిది సార్లు నొక్కి, చీర కొంగుతో ముఖం తుడుచుకుంది. చెంప మీద నల్లటి చార పడింది.

"తాళం ఇలా ఇవ్వు."

తమ్ముడు ఇవ్వలేదు. తాళం గుప్పిట్లో బిగించి, గొంతు తగ్గించాడు. "ఆ రోజు ఆ సీట్లోంచి నిన్ను మోసుకెళ్లింది నేను. నీకేం తెలుసు? నీకు స్పృహ లేదు. రోజూ అందులో కూర్చుంటే నాకదే గుర్తొస్తుందక్కా. బండి పోతే పీడ పోతుందనుకున్నా."

ఆరు నెలల్లో వాడు ఈ మాట ఒక్కసారి కూడా అనలేదు.

"భయపడితే తప్పులేదురా," అంది డ్రైవరమ్మ. "నాకూ ఉంది. కానీ నీ భయానికి నా బండి అమ్మకు. పో, కూర్చుని స్టార్ట్ చెయ్యి."

బ్యాటరీ వైరు తగిలించారు. మొదటిసారి ఇంజను మూలిగి ఊరుకుంది. రెండోసారీ అంతే. కొనేవాడు గడియారం చూసుకున్నాడు. మూడోసారి అందుకుని, తడబడి, ఒక దగ్గు దగ్గి, నిలకడగా ఆడింది.

"నిన్నటి సరుకు అలాగే ఉంది కదా, దించేసి వద్దాం పద," అని ఆవిడ పక్క సీటు ఎక్కింది. వెనకాల పన్నెండు పలకలు నిలువునా కట్టి ఉన్నాయి. వంతెన మొదట్లో తమ్ముడి చేతులు స్టీరింగ్ మీద తెల్లబడ్డాయి. ఆవిడ చెవి ఇంజను మీద పెట్టింది. సగం ఎత్తుకు వచ్చారు. దగ్గు లేదు, కుదుపు లేదు. నిన్న ఆగిన చోటు దాటి పైకెక్కి, దిగి, ఆదివారమని తిట్టుకుంటున్న మేస్త్రికి సరుకు అప్పగించి వచ్చారు.

కొనేవాడు ఇంకా ముందు గదిలోనే ఉన్నాడు. దర్జీ పనిలో పనిగా అతని చొక్కా కొలతలు తీసేసుకున్నాడు.

"అమ్మా, బండి బాగైపోయిందిగా! ఇప్పుడైతే నేను బేరం కూడా ఆడను, తీసేసుకుంటా."

"పాడైనప్పుడే అమ్మనిదాన్ని, బాగయ్యాక అమ్ముతానా? చొక్కా కుట్టించుకుని వెళ్లండి."

ఆ చెయ్యి పూర్తిగా ఎప్పటికీ రాలేదు. బండి నడపడానికి ఇంకో ఆరు నెలలు ఆగమన్న డాక్టరు ముందు మూడో నెలకే వెళ్లి కూర్చుంది. ఆయన కుదరదని పంపేశాడు. నాలుగో నెల మళ్లీ వెళ్లింది. ఐదో నెల ఆయన విసిగి అన్ని పరీక్షలూ చేసి, గేరు రాడ్డు పట్టించి చూసి, తప్పు పట్టడానికి ఏమీ దొరక్క, నడపొచ్చని సంతకం పెట్టాడు. ఆ మర్నాడు అద్దాల షాపులో ఒక నిలువుటద్దం ఎక్కించుకుని బయల్దేరింది. పక్కన తమ్ముడు కాళ్లు బిగదన్ని, లేని బ్రేకు తొక్కుతూ కూర్చున్నాడు.

"కాలు తియ్యరా," అంది డ్రైవరమ్మ మూడో గేరు వేస్తూ. "కింద రేకు చిల్లి పడుతుంది."