జెయింట్ వీల్ క్యూలో పెళ్ళిచూపులు

ఆ ఆదివారం పార్కు గేటు ముందు మా తరఫున ఉన్నవాళ్ళు: నాన్న, అమ్మ, మేనత్త, చెల్లెలు, నేను. మా వెంట ఉన్నవి: నీళ్ళ క్యాను, ఒక స్టీలు డబ్బాలో పులిహోర, ఇంకో డబ్బాలో పెరుగన్నం, ఒక గొడుగు, అమ్మ మోకాళ్ళ నొప్పి మాత్రలు, కట్టుకోనని చెల్లెలు రెండు రోజులు వాదించి చివరికి కట్టుకున్న మంగళగిరి చీర. అవతలి తరఫున ఉన్నవాళ్ళు: పెళ్ళికొడుకు, అతని తల్లి, అతని బావ. పెళ్ళికొడుకు అనడం తొందరపాటే గాని, ఆ దశలో అతన్ని పిలవడానికి వేరే మాట లేదు. వాళ్ళు మాకు కొంచెం దూరంలో, మేమెవరో తెలియనట్టు నిలబడ్డారు. మేమూ వాళ్ళెవరో తెలియనట్టే నిలబడ్డాం. ఈ రెండు జట్లతోనూ సంబంధం లేని మిగతా జనాన్ని లెక్కపెట్టే ఆలోచన నేను పార్కింగులోనే మానుకున్నాను.

మా వైపు దీన్ని బయట చూపులు అంటారు. ఇంట్లో చూపులు పెడితే, కారు సందు మొదట్లో ఆగినప్పటి నుంచీ వీధంతా కళ్ళు చేసుకుని కూర్చుంటుంది. సంబంధం తప్పిపోతే ఎందుకు తప్పిపోయిందో మనకంటే ముందు వాళ్ళే చెబుతారు. అందుకని రెండు కుటుంబాలూ ఏ గుడికో బట్టల షాపుకో అనుకోకుండా వచ్చినట్టు వచ్చి, ఒకరినొకరు చూసుకుని, ఎరగనట్టే వెళ్ళిపోతాయి. నచ్చితే ఆ తర్వాతే పరిచయాలు. నచ్చకపోతే ఎవరూ ఎవరినీ చూడలేదు. మా మేనత్త ఈ విద్యలో ఆరితేరిన మనిషి. కాకపోతే చెల్లెలి చూపులు ఒకే గుడిలో రెండుసార్లు పెట్టి, మూడోసారి మామూలుగా దర్శనానికి వెళ్ళినా పూజారి గారు చుట్టూ చూసి అబ్బాయి ఏడమ్మా అని అడిగే పరిస్థితి తెచ్చింది. అందుకే చోటు మార్చింది. హైవే పక్కన పత్తి చేలు కొని కట్టిన కొత్త థీమ్ పార్కు. అంత జనంలో మనల్ని ఎవరు పట్టించుకుంటారురా అంది.

చెల్లెలు నరసరావుపేటలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్. రక్తం తీస్తుంది, పరీక్ష చేస్తుంది, రిపోర్టు మీద సంతకం పెడుతుంది. ఆ పని ఆమెకు ఇష్టం. ముందు వచ్చిన రెండు సంబంధాల్లోనూ పెళ్ళయ్యాక ఉద్యోగం సంగతి అడిగితే మధ్యవర్తుల ద్వారా ఒకే జవాబు వచ్చింది: చూద్దాంలే. చూద్దాంలే అంటే మా వైపు మానిపిస్తాం అని అర్థం. ఈసారి చెల్లెలు నాన్న దగ్గర ఒకే షరతు పెట్టింది. ఆ మాట తనే అడగాలి, అతనే జవాబు చెప్పాలి, మధ్యలో ఎవరూ ఉండకూడదు. సరేనంటే తను కూడా సరేనంటుంది. నాన్న ఒప్పుకున్నాడు. అవతలివాళ్ళకు ఇంకో సంబంధం ఎదురుచూస్తోందట, సాయంత్రానికల్లా ఏదో ఒకటి ఫోన్‌లో చెప్పేయమన్నారు. మేనత్త పథకం ప్రకారం వాళ్ళిద్దరూ జెయింట్ వీల్‌లో ఒకే క్యాబిన్‌లో కూర్చుంటారు, మిగతావాళ్ళం వెనక క్యాబిన్‌లో. పైకి వెళ్ళి కిందికి వచ్చేలోపు మాట్లాడుకోవచ్చు. చీర తడవని రైడు అదొక్కటే అని కూడా మేనత్త ఆలోచించింది.

నేను గుంటూరులో మిర్చి కోల్డ్ స్టోరేజీలో యంత్రాలు చూసుకుంటాను. సీజన్లో మా గేటు బయట టిక్కీల లారీలు, అంటే మిర్చి బస్తాల లారీలు, బారులు తీరతాయి. అక్కడ నేర్చుకున్నది ఒక్కటే: తలుపు గంటకు ఎన్ని టిక్కీలు మింగుతుందో లారీలు అంతే వేగంగా కదులుతాయి. డ్రైవర్లు ఎంత హారన్ కొట్టినా, ఓనర్లు ఎవరికి ఫోన్ చేసినా ఆ లెక్క మారదు. అందుకే మేనత్తకు ముందే చెప్పాను, వేసవి ఆదివారం వద్దని. మిర్చి యార్డుకు సెలవులు, బడులకు సెలవులు, పంట డబ్బు చేతిలో ఉంది, చేలో పని లేదు. రెండు జిల్లాల జనానికి ఇంకెక్కడికీ వెళ్ళే దారి తెలియదు. ఇవతల సముద్రం ఉంది, చీరాల వెళితే ఉచితంగా తడవచ్చు. అయినా సిమెంటు తొట్టిలో కరెంటుతో తయారుచేసిన అలల కోసం మనిషి మీద మనిషి పడుతున్నారు. మేనత్త నా మాట వినలేదు. జనం ఎక్కువుంటేనే మంచిదంది.

గేటు దగ్గర పులిహోర, పెరుగన్నం లాక్కున్నారు. బయటి తిండి లోపలికి రాకూడదట. లోపల మొదటి కొట్టులోనే కాగితం పళ్ళెంలో పులిహోర అమ్ముతున్నారు, జీడిపప్పు లేకుండా. దాని పక్కన ఫైబర్ డైనోసార్, పై దవడ విరిగి ఉంది. దాని ముందు ఫొటో కోసం ఇంకో క్యూ. నోట్లో పళ్ళు లేని బల్లి పక్కన నిలబడడానికి కూడా వరసలో నిలబడే జాతి మనది అనుకున్నాను.

జెయింట్ వీల్ క్యూ మొదట్లో ఒక బోర్డు ఉంది. ఇక్కడి నుంచి ముప్ఫై నిమిషాలు అని పెయింటుతో రాసి ఉంది. పెయింటుకు జనం ఎంతమందో ఎలా తెలుస్తుందో రాసినవాడికే తెలియాలి. చక్రం వంక చూశాను. సగం క్యాబిన్లకు తాళ్ళు కట్టేశారు. తిరిగేది సగం, ఎక్కించేవాడు ఒక్కడు. రెండున్నర గంటలు పడుతుందని నాన్నతో చెప్పాను. ఎండలో లెక్కలెందుకురా అన్నాడు నాన్న.

ఆ క్యూ ఇనుప కమ్ములతో పాము మెలికల్లా కట్టింది. అటు చివరిదాకా నడిచి, మలుపు తిరిగి, ఇటు చివరిదాకా రావాలి. మళ్ళీ మలుపు. మేనత్త అవతలివాళ్ళను ముందు పంపి, మధ్యలో ఓ ఇరవై మందిని పోనిచ్చి, అప్పుడు మమ్మల్ని నిలబెట్టింది. ఎవరూ అనుమానించకూడదని ఆమె జాగ్రత్త. గుడిలో అయితే అది పనికొచ్చే జాగ్రత్తే. మెలికల క్యూలో ముందున్నవాడు మలుపు తిరిగాడంటే వెనకున్నవాడికి ఎదురొస్తాడు. మధ్యలో ఒక్క కమ్మీ. ఒకరినొకరు ఎరగని రెండు కుటుంబాలు మలుపు మలుపుకీ జానెడు దూరంలో ముఖాముఖి దాటుకోవలసి వచ్చింది. ఈ సంగతి ఆమెకు మొదటి మలుపులో గాని తట్టలేదు.

మొదటిసారి ఎదురైనప్పుడు అందరం ఆకాశం వంక చూశాం. అతని తల్లి మాత్రం చూడలేదు. యార్డులో వ్యాపారి టిక్కీలోంచి గుప్పెడు కాయలు తీసి రంగు, తొడిమ చూసినట్టు చెల్లెల్ని తల నుంచి చెప్పులదాకా చూసి, చీర అంచు దగ్గర ఆగి, ముందుకు కదిలింది. రెండోసారి అతను నవ్వాడు. పొదిలిలో వాళ్ళకు పురుగుమందులు, ఎరువుల షాపు ఉంది. యూరియా రోజుల్లో రైతులు చెప్పులు వరసలో పెట్టి నిలబడతారే, అలాంటి షాపు. క్యూ అంటే అతనికి కౌంటరు లోపలి నుంచే పరిచయం. ఎండకు అప్పటికే చొక్కా తడిసిపోయింది. మూడోసారి అతని బావ నిగ్రహం కోల్పోయి, పెద్దాయనా మీ వైపు మిరప ఎలా పండింది అని నాన్నను గట్టిగా అడిగేశాడు. నాన్న అలవాటు కొద్దీ, పైరుకు నల్లి పట్టిందండి, దిగుబడి ఎకరానికి మీకు ఫోన్‌లో చెప్పినంతే అన్నాడు. మేనత్త కళ్ళు మూసుకుంది.

మా వెనక చీరాల నుంచి వచ్చిన ఒకావిడ ఉంది. చీరల వ్యాపారమట. చూపులా అని నన్నడిగింది. కాదన్నాను. కాకపోతే మీ అత్త అన్నిసార్లు కొంగు సర్దుతుందా బాబూ అంది. అక్కడితో క్యూకంతటికీ తెలిసిపోయింది. ఆ తర్వాత మేము మలుపు దగ్గరికి వచ్చినప్పుడల్లా చుట్టుపక్కల మాటలు ఆగిపోయేవి. ముక్కూ మొహం తెలియని యాభై మంది, పనీపాటా లేక, నా చెల్లెలి పెళ్ళి కోసం చెవులు రిక్కించారు. ఎక్కడానికి వచ్చిన చక్రాన్ని మర్చిపోయారు. వాళ్ళకు ఆ రోజు డబ్బుకు తగిన వినోదం అదొక్కటే దొరికిందనుకుంటాను.

ఎలాగూ తెలిసిపోయింది కదా అనుకుందో ఏమో, నాలుగోసారి ఎదురైనప్పుడు చెల్లెలు కమ్మీ మీద చెయ్యి వేసి ఆగింది.

"ఏమండీ, ఒక్క మాట. పెళ్ళయ్యాక నేను ఉద్యోగం మాననండి. మీకు సమ్మతమేనా?"

అతను తల్లి వంక చూశాడు. వెనకవాళ్ళు నెట్టారు. "వచ్చే మలుపులో చెబుతానండి" అంటూ ముందుకు వెళ్ళిపోయాడు.

వచ్చే మలుపు వచ్చేదాకా వాళ్ళ ముగ్గురి తలలూ దగ్గరగా చేరడం మాకు కనిపిస్తూనే ఉంది. కోల్డ్ స్టోరేజీ గేటులో లారీ చెడి ఆగిపోయినా ఇంతసేపు చర్చ జరగదు. ఎదురుగా వచ్చాక అతను చెప్పాడు.

"అమ్మ సరేనందండి. కాకపోతే నైట్ డ్యూటీలు వద్దంది."

"నేనడిగింది మిమ్మల్నండి."

అతను మళ్ళీ వెళ్ళిపోయాడు. తర్వాతి మలుపులో తెచ్చిన జవాబు బావది. మన షాపులోనే కూర్చోవచ్చు కదా, అదీ ఉద్యోగమే కదా అని బావ అంటున్నాడట.

"మరి మీరేమంటున్నారు?"

"నాదేముందండీ" అన్నాడతను. నిజంగానే ఏమీ లేనట్టు నవ్వాడు. వెనక చీరాల ఆవిడ ముక్కు మీద వేలేసుకుంది.

అప్పటికీ చెల్లెలు ఆశ వదులుకోలేదు. నా పక్కకు జరిగి, పైన వాళ్ళమ్మ పక్కన ఉండదుగా అన్నయ్యా, అక్కడ మళ్ళీ అడుగుతాను, ఒక్కడే ఉంటే నోరు విప్పుతాడేమో అంది. నాకు నమ్మకం లేదు. కాని ఆ ఎండలో మేము నిలబడి ఉండడానికి ఆ ప్రశ్న తప్ప వేరే కారణమూ లేదు. అమ్మ గొడుగు పట్టుకునే మాత్ర వేసుకుంది. క్యాన్లో నీళ్ళు అయిపోయాయి. ఇక రెండు మెలికలు మిగిలాయి.

అక్కడ అతని బావ ఎటో వెళ్ళి మూడు ఎర్ర బ్యాండ్లతో తిరిగొచ్చాడు. ఎక్కువ డబ్బు కడితే చేతికి బ్యాండు కట్టి పక్క గేటులోంచి నేరుగా పంపిస్తారు. ఈ పార్కు కనిపెట్టిన గొప్ప యంత్రం ఇదే. మిగతావన్నీ తిరిగే ఇనుము. ముందు జనాన్ని ఎండలో నిలబెట్టడం, తర్వాత నీడ అమ్మడం. పక్క గేటులోంచి ఒక్కడు వెళ్ళిన ప్రతిసారీ ఇక్కడ ఒక్కడు ఆగుతాడు. చక్రం మోసేది ఎప్పుడూ అంతే. ఇది తెలిసి కొనేవాడి మీద నాకు కోపం లేదు. తెలియక కొని తెలివైనవాణ్ణనుకునేవాణ్ణి చూస్తే జాలి కూడా కలగదు.

"రా బామ్మర్దీ, ఎంతసేపురా ఈ కుమ్ములాట" అన్నాడు బావ.

మూడు బ్యాండ్లు తెచ్చాడు. నాలుగోది తేవాలని ముగ్గురిలో ఎవరికీ తోచలేదు. అతను కమ్మీ కింద నుంచి వంగి అవతలికి వెళ్ళి, ఏదో మర్యాద గుర్తొచ్చినట్టు చెల్లెలి వైపు తిరిగాడు.

"మేం ముందెక్కి చూసొస్తామండి. ఎలా ఉందో చెబుతాం."

కాసేపటికి మా నెత్తిమీదుగా తల్లికీ బావకీ మధ్య కూర్చుని వెళ్ళాడు. పైనుంచి చెయ్యి ఊపాడు. మా చుట్టూ ఉన్నవాళ్ళు కొందరు తిరిగి ఊపారు. చెల్లెలు ఊపలేదు.

దిగాక వాళ్ళు మా దగ్గరికి రాలేదు. ఎండ భరించలేక కార్లో ఏసీ వేసుకుని కూర్చున్నామని బావ మేనత్తకు ఫోన్ చేశాడు. అమ్మాయి తమకు నచ్చిందని, సాయంత్రంలోగా మా మాట చెప్పమని అన్నాడట. ఫోన్ పెట్టేసి మేనత్త నచ్చచెప్పడం మొదలుపెట్టింది. పెళ్ళికి ముందు మగపిల్లలందరూ అమ్మ కొంగులేనని, షాపుంది, పొలముంది, బుద్ధిమంతుడని, ఈ చిన్న విషయాలు తర్వాత సర్దుకుంటాయని చెప్పింది. తర్వాత అనే మాట దగ్గర చెల్లెలు ఆపింది.

"అత్తా, నేనొకణ్ణి అడిగితే ఇద్దరు జవాబు చెప్పారు. నేనడిగినవాడు మాత్రం చెప్పలేదు. చెప్పాల్సింది వాళ్ళమ్మో వాళ్ళ బావో అయితే, నేను పెళ్ళి చేసుకోవాల్సింది ఎవర్ని?"

మేనత్త నాన్న వంక చూసింది. ఇక వెళ్దామా అమ్మాయ్ అన్నాడు నాన్న. చెల్లెలు వెళ్ళనంది. ఇంతసేపు నిలబడింది వాడి కోసమైతే ఇప్పుడే పోదాం నాన్నా, కాని నాకు చక్రం ఎక్కాలని ఉంది అంది. అమ్మను, మేనత్తను నీడకు పంపి మేము ముగ్గురం ఉండిపోయాం. చీరాల ఆవిడ చెల్లెలికి తన సీసాలో నీళ్ళిచ్చి, మా కొట్టుకు ఎప్పుడైనా రామ్మా, పెళ్ళి లేకపోయినా చీరలిస్తాను అంది. ఆ రోజు ఆ పార్కులో విన్నవాటిలో బుద్ధిగల మాట అదొక్కటే.

ఎక్కించేవాడు చీర కొంగు బిగించి కట్టుకోమని, ఫోన్లు బయటపెట్టొద్దని, లేచి నిలబడొద్దని ఒకే గుక్కలో చెప్పి తలుపు వేశాడు. పైనుంచి కనిపించినవి: హైవే, సున్నపు దుమ్ముతో వెళుతున్న లారీలు, పత్తి పుల్ల పీకేసిన నల్ల చేలు, నీలం ప్లాస్టిక్ పట్టాలు, తొట్టిలో కదలడానికి చోటులేక అలలకు వీపు తిప్పి నిలబడ్డ జనం. అందంగా ఏమీ లేదు. నాన్న కమ్మీ గట్టిగా పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. చెల్లెలు మాత్రం కొంగు వదిలేసి గాలికి మొహం పెట్టింది. రేపు పొద్దున డ్యూటీ, నరసరావుపేట మొదటి బస్సుకు దింపుతావా అని నన్నడిగింది. దింపుతానన్నాను.

పార్కింగులో మా కారు దగ్గర నిలబడి నాన్న ఫోన్ తీశాడు. మేనత్త తను మాట్లాడతానంది. నాన్న ఇవ్వలేదు. స్పీకరు పెట్టి, పెళ్ళికొడుకు బావతో మర్యాదగానే మాట్లాడాడు. మా అమ్మాయికి సమ్మతం కాలేదండి అన్నాడు. అవతలివాళ్ళు కారణం అడిగారు. అబ్బాయి గారి మాట మాకు వినబడలేదండి అన్నాడు నాన్న. కావాలంటే ఇప్పుడే అబ్బాయికి ఫోనిస్తామన్నారు. వద్దండి, పాపం ఏం చెప్పాలో మిమ్మల్ని అడగాలి కదా అని పెట్టేశాడు. మేనత్త కారెక్కి తలుపు గట్టిగా వేసుకుంది. నాన్న ఫోన్ నా చేతికిచ్చాడు. క్యూ రెండున్నర గంటలు, కాల్ ఒక నిమిషం పన్నెండు సెకన్లు.